సంతకం పెట్టిన ఆఫర్‌ను జాయినింగ్‌కు పది రోజుల ముందు మారుస్తామంటున్నారు, ఏం చేయాలి?

పద్మాక్షి గుట్ట | 6 ఫిబ్రవరి 2026, రాత్రి 9:42

అందరికీ నమస్తే. టెన్షన్‌లో రాస్తున్నాను, అటూఇటూగా ఉంటే సర్దుకోండి.

మాది హనుమకొండ. మడికొండ వైపు ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో మూడేళ్లుగా టెస్టింగ్ చేస్తున్నాను. ఏడాదికి 4,10,000. డిసెంబరు 29న హైదరాబాద్‌లోని ఒక కంపెనీ నుంచి మెయిల్‌లో ఆఫర్ లెటర్ వచ్చింది. 7,20,000 అని రాసి ఉంది. 31న సంతకం పెట్టి స్కాన్ చేసి పంపాను. అందింది, వెల్‌కమ్ అని జవాబు కూడా ఇచ్చారు. అదే రోజు ఇక్కడ రాజీనామా చేశాను.

నాకు 90 రోజుల నోటీసు. వాళ్లేమో ఫిబ్రవరి 16నే చేరాలన్నారు. మిగిలిన 45 రోజులకు బైఅవుట్ (పని చేయని నోటీసు రోజులకు బదులుగా పాత కంపెనీకి ఇచ్చే డబ్బు) కట్టు, బిల్లు పెడితే మొదటి జీతంతో తిరిగి ఇస్తాం అని జనవరి 5న మెయిల్ చేశారు. 46,500 కట్టేశాను. మాదాపూర్‌లో హాస్టల్‌కు 8,000 అడ్వాన్స్ ఇచ్చాను. ఈ ఉద్యోగం కోసం మా అమ్మ మొక్కుకుని మేడారంలో నిలువెత్తు బంగారం (బెల్లం) కూడా ఇచ్చి వచ్చింది. జాతర అయి వారం కాలేదు.

ఈ సాయంత్రం హెచ్‌ఆర్ ఫోన్ చేసింది. "మార్కెట్ బాగా లేదు, కొత్త లేబర్ కోడ్‌ల వల్ల జీతాలు మార్చాల్సి వచ్చింది, నీది 5,40,000 చేశాం, మొదటి ఆరు నెలలు ట్రైనీ. కొత్త లెటర్ వస్తుంది, రేపు సాయంత్రంలోగా సంతకం చెయ్యి, లేకపోతే ఆఫర్ లాప్స్ అయిపోతుంది" అంది.

ఇక్కడ నా చివరి రోజు 13వ తేదీ. ఒకసారి ఇద్దరం సంతకం పెట్టుకున్నాక ఇట్లా మార్చొచ్చా? నాకేమైనా హక్కుందా, లేక నోరు మూసుకుని సంతకం పెట్టాలా?

ఉల్లిగడ్డ బజ్జీ | రాత్రి 9:51

నిలువెత్తు బంగారం ఇచ్చినాక కూడా ఇట్లనా! హెచ్‌ఆర్ వాళ్లకు సమ్మక్క తల్లి సంగతి తెల్వదు.

కాజీపేట జంక్షన్ | రాత్రి 10:05

చెల్లె, ఒక్కటే మాట. రేపు సంతకం మాత్రం పెట్టకు. రెండేళ్ల కింద నాకూ ఇదే జరిగింది. 9 లక్షలన్నారు, చేరే రోజు పొద్దున రిసెప్షన్‌లో కూర్చోబెట్టి ఏడున్నర లక్షల కాగితం చేతికిచ్చారు. సామాన్లతో సహా దిగి ఉన్నా, ఏం చేస్తా? పెట్టిన. ఆరు నెలల తర్వాత పాత లెటర్ తీసి అడిగితే, "కొత్త దాని మీద సంతకం నీదేగా" అన్నారు. నోట మాట రాలేదు.

హెచ్‌ఆర్‌లో పదేళ్లు | రాత్రి 10:30

నేను కరీంనగర్ అమ్మాయినే, ఇప్పుడు హైదరాబాద్‌లో హెచ్‌ఆర్‌లో ఉన్నాను. నన్ను తిట్టకండి, అటువైపు ఏం జరుగుతుందో చెబుతాను.

ప్రాజెక్టు వస్తుందని ముందే మనుషుల్ని తీసుకుంటారు. క్లయింట్ వెనక్కి తగ్గితే చేరని వాళ్ల మీదే మొదట కత్తి పడుతుంది. ఎందుకంటే వాళ్లింకా పేరోల్‌లో లేరు, తీసేసినా లెక్కల్లో కనిపించదు. నేరుగా వద్దంటే చెడ్డపేరు కాబట్టి జీతం తగ్గించి "ఇష్టమైతే రా" అంటారు. సగం మంది వాళ్లంతట వాళ్లే మానుకుంటారు. రికార్డులో మాత్రం "అభ్యర్థి నిరాకరించారు" అని పడుతుంది. ఈ చివరి ముక్క గుర్తుపెట్టుకో.

ఇంకోటి. ఫోన్‌లోనే ఎందుకు చెప్పారనుకున్నావు? కాగితం మీద పెడితే సాక్ష్యం అవుతుంది కాబట్టి. "మీరు ఫోన్‌లో చెప్పిన మార్పులు మెయిల్‌లో పంపండి" అని ఈ రాత్రికే రాయి. ఏడుస్తున్నట్టు గానీ తిడుతున్నట్టు గానీ ఉండొద్దు. నాలుగు లైన్లు చాలు.

లేబర్ కోడ్ కథ విని నాకే నవ్వొచ్చింది. ఆ కోడ్‌లు, అంటే కొత్త కార్మిక చట్టాలు, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన మాట నిజమే. అందులో వేతనం అంటే ఏంటో కొత్తగా చెప్పారు. అలవెన్సులన్నీ కలిపి మొత్తంలో సగం దాటితే, దాటిన భాగాన్ని కూడా వేతనం కిందే లెక్కకట్టాలి. దానివల్ల పీఎఫ్, గ్రాట్యుటీ లెక్కలు మారొచ్చు, చేతికొచ్చేది కొంచెం అటూఇటూ కావచ్చు. మొత్తం ప్యాకేజీని 7,20,000 నుంచి 5,40,000 చేయమని ఏ కోడ్‌లోనూ లేదు.

నక్కలగుట్ట | రాత్రి 10:41

వినియోగదారుల ఫోరంలో కేసు వేయండి మేడం. ఖర్చు తక్కువ, లాయర్ కూడా అక్కర్లేదు. మా బాబాయి ఫ్రిజ్ విషయంలో వేసి గెలిచాడు.

పద్మాక్షి గుట్ట | రాత్రి 11:10

మెయిల్ పంపాను అక్కా. "ఈ రోజు సాయంత్రం 6:20కి ఫోన్‌లో మీరు చెప్పిన మార్పులు, వాటికి కారణాలు రాతపూర్వకంగా పంపగలరు. డిసెంబరు 29 ఆఫర్ ప్రకారం ఫిబ్రవరి 16న చేరడానికి నేను సిద్ధంగా ఉన్నాను" అని రాశాను. రెండో వాక్యం సొంతంగా కలిపాను, పర్లేదా?

అదాలత్ సెంటర్ | 7 ఫిబ్రవరి, పొద్దున 6:15

పర్లేదా అని అడుగుతున్నారా? ఆ రెండో వాక్యమే ఇప్పుడు మీ చేతిలో ఉన్న అసలు ఆయుధం. నేను ఇక్కడి కోర్టులో ప్రాక్టీస్ చేస్తాను. ఇరవై రెండేళ్లయింది. పొద్దున వాకింగ్‌కు పోయే ముందు రాస్తున్నాను కాబట్టి ఒక్కొక్కటిగా చెబుతాను.

మొదటిది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం ప్రతిపాదనను వెనక్కి తీసుకునే వీలు అవతలివాళ్ల అంగీకారం అందేదాకే. మీ అంగీకారం డిసెంబరు 31న చేరింది, అందిందని వాళ్లే జవాబిచ్చారు. అక్కడితో అది ఆఫర్ కాదు, ఒప్పందం. మెయిల్‌లో జరిగినా ఐటీ (ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ) చట్టం సెక్షన్ 10ఏ కింద చెల్లుతుంది. స్టాంపు కాగితం లేదు కదా అని ఎవరన్నా అంటే పట్టించుకోకండి.

రెండోది. ఒప్పందాన్ని ఒకరే మార్చలేరు. ఇద్దరూ ఒప్పుకుంటే మారుతుంది, సెక్షన్ 62. కాజీపేట తమ్ముడికి జరిగింది అదే. ఆయన రెండో కాగితం మీద సంతకం పెట్టగానే మొదటిది పోయింది. అందుకే కొత్త లెటర్ వస్తే మౌనంగా సంతకం పెట్టొద్దు. గత్యంతరం లేక చేరాల్సి వస్తే "పాత ఆఫర్ కింద నాకున్న హక్కులు వదులుకోకుండా చేరుతున్నాను" అని ముందుగా మెయిల్ పెట్టి చేరండి. అది బ్రహ్మాస్త్రమేమీ కాదు, కానీ ఏమీ రాయకపోవడం కంటే మేలు.

మూడోది, మీకు నచ్చదు. ఈమెకు ఉద్యోగం ఇచ్చి తీరాలని ప్రైవేటు కంపెనీని ఏ కోర్టూ ఆదేశించదు. మనిషికీ మనిషికీ మధ్య నమ్మకం మీద నడిచే ఒప్పందాన్ని బలవంతంగా అమలు చేయించడం స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం, 1963 కింద కుదరదు. మీరు అడగగలిగేది నష్టపరిహారం.

ఎంత? అసలు చిక్కు ఇక్కడే. "ఏడాదికి 7,20,000 పోయింది, అది ఇప్పించండి" అంటే ఇవ్వరు. మీ లెటర్‌లో నోటీసు క్లాజు ఎన్ని రోజులని ఉందో చూడండి. చేరిన మర్నాడే 30 రోజుల నోటీసిచ్చి తీసేసే హక్కు వాళ్లకుంటే, జీతం కింద మీ నష్టాన్ని కోర్టు మామూలుగా ఆ 30 రోజులకే చూస్తుంది. దానికి తోడు వాళ్ల మాట నమ్మి మీరు పెట్టిన ఖర్చు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 చెప్పేది ఏంటంటే, మాట తప్పితే ఫలానా నష్టం వస్తుందని ఒప్పందం నాడే ఇద్దరికీ తెలిసి ఉంటే దానికి పరిహారం ఉంటుంది. బైఅవుట్ కట్టమన్నది వాళ్లే, అదీ మెయిల్‌లో. అంతకంటే ఏం కావాలి?

లెటర్‌లో పేర్లు, కంపెనీ వివరాలు కొట్టేసి క్లాజులు మాత్రం ఇక్కడ పెట్టండి.

నక్కలగుట్ట గారూ, ఫ్రిజ్ వేరు, ఉద్యోగం వేరు. వ్యక్తిగత సేవా ఒప్పందం వినియోగదారుల చట్టం కిందికి రాదు. అక్కడ ఫైలింగ్ దగ్గరే తిప్పి పంపుతారు.

మంచిర్యాల బొగ్గు | పొద్దున 8:20

మా బాపు సింగరేణిలో చేసిండు. ఆర్డర్ చేతికొచ్చిందంటే రిటైర్ అయ్యేదాకా ఇంకో మాట లేదు. ఈ ప్రైవేటు వాళ్ల కాగితానికి విలువ లేదని ఇంట్ల పోరుతూనే ఉంటడు. అందుకే నేను గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్న.

అదాలత్ సెంటర్ | పొద్దున 8:55

గ్రూప్స్‌లో సెలెక్షన్ లిస్టులో పేరొచ్చినంత మాత్రాన ఉద్యోగం మీద తిరుగులేని హక్కు రాదని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది తమ్మీ. కాకపోతే ప్రభుత్వం తన ఇష్టం వచ్చినట్టు, కారణం లేకుండా ఆపకూడదు. ఆపితే హైకోర్టులో రిట్ వేసుకోవచ్చు. ప్రైవేటు కంపెనీ మీద ఆ దారి లేదు. తేడా అంతే. బాపును అడిగానని చెప్పు.

పద్మాక్షి గుట్ట | పొద్దున 11:30

సార్, చాలా థాంక్స్. క్లాజులు ఇవి. క్లాజు 4: ప్రొబేషన్‌లో ఏ పక్షమైనా 30 రోజుల నోటీసుతో లేదా దానికి సమానమైన జీతంతో ముగించవచ్చు. క్లాజు 7: బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ సంతృప్తికరంగా ఉంటేనే. క్లాజు 11: వ్యాపార అవసరాలను బట్టి నియమ నిబంధనలు మార్చే హక్కు కంపెనీకి ఉంది. క్లాజు 14: వివాదాలు బెంగళూరు కోర్టుల పరిధిలో మాత్రమే.

11 చూశాక నాకు చేతులు చల్లబడ్డాయి. సంతకం పెట్టేటప్పుడు జీతం అంకె తప్ప ఏమీ చదవలేదు, నిజం చెబుతున్నాను.

కాజీపేట జంక్షన్ | పొద్దున 11:38

ఎవరు చదువుతారు చెల్లె. మనమందరం అంకె చూసి స్క్రీన్‌షాట్ ఇంటి గ్రూపులో పెట్టే బాపతే.

అదాలత్ సెంటర్ | మధ్యాహ్నం 2:10

11 గురించి అంత భయపడక్కర్లేదు. వాళ్లు దాన్నే పట్టుకుంటారన్నది ఖాయం. అయితే "నియమ నిబంధనలు" అనే సాధారణ మాట కింద పావు వంతు జీతం కోసి, హోదాను ట్రైనీ చేయొచ్చా అన్నది వాదనకు నిలిచే ప్రశ్న. షిఫ్టు వేళలు మార్చడం, ఆఫీసు మార్చడం వేరు, ఒప్పందం గుండెకాయనే పీకేయడం వేరు. ఇక్కడ వాళ్ల వాదన మరీ బలంగా లేదు, మన వాదనా మరీ బలంగా లేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

7 సంగతి: వెరిఫికేషన్‌లో తేడా వచ్చిందని వాళ్లు ఇప్పటిదాకా అన్నారా? అనకపోతే, రేపు అదే కారణమని కొత్తగా ఎత్తుకుంటే నమ్మడం కష్టం. అందుకే కారణాలు మెయిల్‌లో అడగడం మంచిదైంది.

నాకు ఇబ్బందిగా ఉన్నది 14. ఉద్యోగ ఒప్పందంలో ఫలానా ఊరి కోర్టులే అని రాసుకుంటే అది చెల్లుతుందని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ ఊరికి అసలు పరిధి ఉండాలి, అంతే. వీళ్ల హెడ్డాఫీసు బెంగళూరేనా? అయితే దావా అక్కడే వేయాల్సి రావచ్చు. లక్ష రూపాయల కోసం కాజీపేటలో రైలెక్కి బెంగళూరు తిరగడం ఎవరికీ గిట్టుబాటు కాదు, వాళ్లకూ ఆ సంగతి తెలుసు. కాబట్టి మన లక్ష్యం కోర్టు కాదు. కోర్టుకెక్కితే గట్టిగా నిలబడే కాగితాలు మన దగ్గరున్నాయని వాళ్ల లీగల్ వాళ్లకు తెలియజేయడం.

జగిత్యాల టు దుబాయ్ | మధ్యాహ్నం 3:25

ఇది సాఫ్ట్‌వేర్ వాళ్లకే కొత్త. మా దిక్కు ప్రతి ఊళ్లో ఉన్నదే. నేను 2014లో పోయినప్పుడు ఇక్కడ సంతకం పెట్టింది ఎలక్ట్రీషియన్ పనికి, 1,500 దిర్హాములకు. అక్కడ దిగినాక అరబ్బీలో ఉన్న ఇంకో కాగితం ముందు పెట్టిండ్రు. హెల్పర్ పని, 900. పాస్‌పోర్టు వాళ్ల దగ్గర, అప్పు ఇంటి దగ్గర. పెట్టక ఏం చేస్తం.

పోయేవాళ్లు ఎవరైనా చదువుతుంటే ఒక్క మాట. ఈసీఆర్ పాస్‌పోర్టు (పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాల్సింది) అయితే ఈ-మైగ్రేట్‌ అనే సర్కారు పోర్టల్‌లో ఎక్కిన కాంట్రాక్టు కాపీ తెలిసిన వాళ్ల ఫోన్‌లో కూడా దాచిపెట్టుకోండి. లైసెన్సు ఉన్న ఏజెంటు సర్వీస్ ఛార్జీ కింద 30,000, దాని మీద జీఎస్టీ తప్ప ఎక్కువ తీసుకోవద్దు. లక్షలు అడిగితే వాడు ఏజెంటే కాదు. విజిట్ వీసా మీద పో, అక్కడ మారుస్తం అన్నా నమ్మకండి. అక్కడ కాగితం మార్చితే హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫీసుకు (వలస పోయేవాళ్ల కోసం ఉన్న కేంద్ర ఆఫీసు), విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌కు ఫిర్యాదు పెట్టే వీలుంది. ఇక్కడి కాపీ చేతుల ఉంటేనే అదన్నా నడుస్తది.

సారీ, అమ్మాయి విషయం పక్కకు పోయింది.

హెచ్‌ఆర్‌లో పదేళ్లు | మధ్యాహ్నం 3:40

పక్కకేం పోలేదు అన్నా. ఆట ఒకటే, ఏసీ రూము తేడా.

పద్మాక్షి గుట్ట | 9 ఫిబ్రవరి, సాయంత్రం 7:05

అప్‌డేట్. శనివారం రాత్రే కొత్త లెటర్ వచ్చింది. కారణం కింద "సవరించిన వ్యాపార ప్రణాళిక" అని ఒక్క ముక్క. వెరిఫికేషన్ మాట లేదు, లేబర్ కోడ్ మాటా లేదు. నేను సంతకం పెట్టలేదు. "మార్పులకు నేను అంగీకరించడం లేదు, డిసెంబరు 29 ఒప్పందం ప్రకారం 16న చేరడానికి సిద్ధం" అని మళ్లీ రాశాను.

ఈ రోజు మా పాత సార్‌ను కలిశాను. రాజీనామా వెనక్కి తీసుకుంటానని అడిగాను. "నీ ప్లేస్‌లో అమ్మాయి వచ్చింది కదా, నువ్వే ట్రైనింగ్ ఇచ్చావు" అన్నారు. నిజమే, నేనే ఇచ్చాను. ఆయన మంచాయనే, ముఖం కిందికి వేసుకుని చెప్పారు.

ఇంట్లో ఇంకా చెప్పలేదు.

ఉల్లిగడ్డ బజ్జీ | రాత్రి 7:20

జోకులు బంద్. ఇంట్ల చెప్పు అక్కా. ఒక్కదానివే మోయకు.

నక్కలగుట్ట | రాత్రి 7:33

రాజీనామా వెనక్కి తీసుకునే హక్కు ఉంటుంది కదా? ఎక్కడో చదివాను.

అదాలత్ సెంటర్ | రాత్రి 9:00

ఉంటుంది, కొన్ని హద్దుల్లో. ఫలానా తేదీ నుంచి అని ఇచ్చిన రాజీనామాను ఆ తేదీ లోపు వెనక్కి తీసుకోవచ్చని ప్రభుత్వ ఉద్యోగాల కేసుల్లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రైవేటులో, అదీ యాజమాన్యం ఆమోదించి, బైఅవుట్ డబ్బు తీసుకుని, ఇంకో మనిషిని పెట్టుకున్నాక, ఆచరణలో అది వాళ్ల దయే. అయినా నోటితో అడిగి వదిలేయకండి, మెయిల్‌లో కూడా అడగండి. వాళ్లు కాదని రాసి ఇస్తే, నష్టం తగ్గించుకోవడానికి మీరు మీ ప్రయత్నం చేశారనడానికి అదే రుజువు. పరిహారం అడిగే మనిషి చేతులు ముడుచుకుని కూర్చోలేదని కోర్టు చూస్తుంది. అదే కారణంతో వేరే ఉద్యోగాలకు అప్లై చేసిన మెయిళ్లు కూడా దాచండి.

కాజీపేట జంక్షన్ | రాత్రి 9:15

లింక్డ్‌ఇన్‌లో కంపెనీ పేరుతో సహా పెట్టేయి చెల్లె. రెండు గంటల్లో ఫోన్ వస్తది.

హెచ్‌ఆర్‌లో పదేళ్లు | రాత్రి 9:22

రాదని అనను. వచ్చిన కేసులు నేనే చూశాను. కానీ ఇప్పుడే వద్దు. బేరం మొదలు కాకముందే పెడితే వాళ్ల హెచ్‌ఆర్ పక్కకు తప్పుకుంటుంది, ఫైలు లీగల్ చేతికి పోతుంది, పరువు నష్టం అని నోటీసు వస్తుంది. మళ్లీ నువ్వు అప్లై చేసే కంపెనీల వాళ్లూ ఆ పోస్టు చూస్తారు. అన్యాయమే, కానీ చూస్తారు.

మంచిర్యాల బొగ్గు | రాత్రి 10:02

లేబర్ ఆఫీసుకు పోతే?

అదాలత్ సెంటర్ | రాత్రి 10:20

పోవచ్చు, దరఖాస్తు తీసుకుంటారు. కానీ ఆమె ఇంకా చేరలేదు. కార్మిక చట్టాల కాపలా ఉద్యోగిగా లోపలికి అడుగు పెట్టినవాళ్లకు. చేరి ఉంటే కథ వేరే ఉండేది. నియామక పత్రం తప్పనిసరిగా ఇవ్వాలి, కార్మికుల నిర్వచనంలోకి వచ్చేవాళ్ల వేతన నిబంధనలు మార్చాలంటే ముందు నోటీసివ్వాలి, తీసేస్తే రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. ఇవన్నీ ఉన్నాయి. గడప ఇవతల నిలబడ్డవాళ్లకు ఇప్పటికీ ఆ పాత కాంట్రాక్టు చట్టమే దిక్కు. మొన్న కోడ్‌లు తెచ్చినప్పుడు 29 చట్టాలను నాలుగు చేశారు గానీ ఈ సందును మూయలేదు. నా మటుకు నాకు అది పెద్ద లోటు.

పద్మాక్షి గుట్ట | 12 ఫిబ్రవరి, సాయంత్రం 5:50

వచ్చేసింది. "సవరించిన నిబంధనలను మీరు అంగీకరించనందున ఆఫర్ ఉపసంహరించుకుంటున్నాం."

రేపు ఇక్కడ చివరి రోజు. కేక్ కూడా తెచ్చారట.

నాన్నకు చెప్పాను. తిడతారనుకున్నాను. "కాగితాలన్నీ ఒక ఫైల్‌లో పెట్టు" అన్నారు, అంతే. అమ్మ మాత్రం తల్లికి ఇచ్చింది తల్లికే, దానికీ దీనికీ లెక్క లేదంది.

మాదాపూర్ హాస్టల్ ఆంటీకి ఫోన్ చేస్తే 3,000 పట్టుకుని 5,000 వాపస్ వేసింది.

అదాలత్ సెంటర్ | రాత్రి 8:40

సరే. ఇప్పుడు పని చేద్దాం.

ఆఫర్ మెయిల్, మీ అంగీకారం, వాళ్ల వెల్‌కమ్, జనవరి 5 మెయిల్, బైఅవుట్ కట్టిన బ్యాంకు స్టేట్‌మెంట్, హాస్టల్ రసీదు, మార్పు లెటర్, మీ జవాబులు, ఉపసంహరణ. తేదీల వారీగా పెట్టండి. మెయిళ్లను ఫార్వర్డ్ చేసి అసలు తొలగించకండి. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ ఇవ్వాలి. ఫోన్‌లో, మెయిల్‌బాక్స్‌లో అసలు ఉంటేనే ఆ పని తేలిక.

లాయర్ ఫీజు గురించి భయపడుతుంటే ఒక సంగతి. న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987 కింద మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. ఎస్సీ, ఎస్టీలకూ ఉంది. 15100కు ఫోన్ చేయండి, లేదా మన కోర్టు కాంప్లెక్స్‌లో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు నేరుగా వెళ్లండి. ప్యానెల్ లాయర్‌ను ఇస్తారు. నోటీసు ఆయన చేతే వేయించండి. కేసు వేయక ముందే లోక్ అదాలత్ ద్వారా పిలిపించే పద్ధతి కూడా ఉంది, కాకపోతే అవతలివాళ్లు రావాలి, ఒప్పుకోవాలి. రాకపోతే బలవంతం లేదు.

నోటీసులో అడిగేది: బైఅవుట్ 46,500. హాస్టల్‌లో పోయింది 3,000. గమనించండి, 8,000 కాదు. తిరిగొచ్చింది తీసేయాలి, ఒక్క రూపాయి ఎక్కువ రాసినా మిగతా అంకెలన్నీ అనుమానంలో పడతాయి. క్లాజు 4 ప్రకారం 30 రోజుల జీతం 60,000. మొత్తం 1,09,500. మానసిక వేదనకు పది లక్షలు అని రాయమని చుట్టాలు చెబుతారు. ఒప్పందం తప్పిన కేసులో మామూలుగా అది నిలబడదు. పైగా ఆ అంకె చూసి అవతలి లాయర్ నవ్వి ఫైలు మూస్తాడు.

దావాకు మూడేళ్ల గడువుంది, కంగారు లేదు. అయినా వేడి మీదే నోటీసు పోవాలి. రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి స్పీడ్ పోస్టులోనే, చేరినట్టు రుజువు తీసుకుని.

నక్కలగుట్ట | రాత్రి 9:05

పోలీసు కేసు పెట్టలేమా సార్, చీటింగ్ అని?

అదాలత్ సెంటర్ | రాత్రి 9:30

మొదటినుంచీ మోసం చేయాలనే ఉద్దేశం ఉండాలి. ఉద్యోగమిస్తామని డబ్బులు గుంజి మాయమైన వాళ్ల మీద భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 పెట్టొచ్చు, ఆన్‌లైన్‌లో అయితే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఇక్కడ కంపెనీ ఉంది, ఇంటర్వ్యూ జరిగింది, తర్వాత మాట మార్చారు. స్టేషన్‌లో సివిల్ మ్యాటర్ అని పంపిస్తారు. ఈసారి వాళ్లన్నది కరెక్టే.

పద్మాక్షి గుట్ట | 20 మార్చి, రాత్రి 8:15

చాలా రోజులైంది. ఎవరైనా గుర్తుపెట్టుకున్నారో లేదో.

ఫిబ్రవరి 19న నోటీసు పోయింది. న్యాయ సేవాధికార సంస్థలో ఇచ్చిన లాయర్ మేడమ్ చిన్నావిడే, సార్ ఇక్కడ రాసింది చూపిస్తే "మీ దగ్గర సగం నోటీసు రెడీగా ఉందే" అని నవ్వింది. పది రోజులకు జవాబు వచ్చింది. క్లాజు 11 చూపించారు. బైఅవుట్ "మొదటి జీతంతో" అని రాశాం, ఆమె చేరనే లేదు కాబట్టి ఇవ్వం అన్నారు. చేరనీయకుండా చేసింది మీరే, మీరే అడ్డుపడి షరతు నెరవేరలేదంటే ఎలా అని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 53 పెట్టి మేడమ్ తిరిగి రాసింది. ఆ తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. ముందు 25,000 అన్నారు. నేను ఫోన్‌లో మాట్లాడనన్నాను, అన్నీ మెయిల్‌లోనే.

ఇప్పుడు బైఅవుట్ మొత్తం, దానిపైన 30,000, కలిపి 76,500 ఇస్తామంటున్నారు. ఒక సెటిల్‌మెంట్ కాగితం పంపారు. ఇక ఎలాంటి క్లెయిమూ ఉండదు, ఎవరికీ చెప్పకూడదు, ఇంకా ఏవేవో ఉన్నాయి. ఇంట్లో తీసుకోమంటున్నారు. ఈలోపు నక్కలగుట్టలో ఒక చిన్న ఆఫీసులో కాంట్రాక్టు మీద టెస్టింగ్ దొరికింది, నెలకు 28,000.

కాజీపేట జంక్షన్ | రాత్రి 8:21

గుర్తుపెట్టుకోకపోవడమా! రోజూ చూస్తున్న ఈ థ్రెడ్. నాకు రూపాయి రాలేదు, నీకు 76,500. తీసుకో చెల్లె.

హెచ్‌ఆర్‌లో పదేళ్లు | రాత్రి 8:50

తీసుకో, కానీ ఆ కాగితంలో ప్రతి లైనూ చదివాకే. నేను ఫిబ్రవరిలో ఒక ముక్క గుర్తుపెట్టుకో అన్నాను. ఎందుకు ఉపసంహరించారని రాశారు అందులో?

పద్మాక్షి గుట్ట | రాత్రి 9:12

అక్కా! మూడో పేరా. "అభ్యర్థి స్వచ్ఛందంగా ఆఫర్‌ను నిరాకరించినందున" అని ఉంది. రెండుసార్లు చదివినా కంటికి ఆనలేదు.

హెచ్‌ఆర్‌లో పదేళ్లు | రాత్రి 9:15

అదే. రేపు ఇంకో కంపెనీ వెరిఫికేషన్‌కు ఫోన్ చేస్తే ఆ లైనే చదువుతారు. ఇచ్చిన ఆఫర్ కాదని చివరి నిమిషంలో చేయిచ్చిన మనిషివని అర్థం.

అదాలత్ సెంటర్ | రాత్రి 10:40

ఆ పేరా కొట్టించండి. "కంపెనీ వ్యాపార కారణాల వల్ల ఆఫర్ ఉపసంహరించబడింది" అని రాయమనండి, వాళ్ల ఫిబ్రవరి లెటర్‌లో ఉన్న మాటే. ఒప్పుకోకపోతే డబ్బు ఇంకో ఐదువేలు తగ్గినా సరే, ఆ లైను మీద మాత్రం తగ్గకండి. డబ్బు ఖాతాలో పడిన తర్వాతే కాగితం అమల్లోకి వస్తుందని ఒక వాక్యం కూడా కలపమనండి. చాలామంది ముందే సంతకం పెట్టి తర్వాత వెంటపడుతుంటారు.

ఉల్లిగడ్డ బజ్జీ | రాత్రి 10:44

ఈసారి నిజంగానే చదివి సంతకం పెట్టు అక్కా, అంకె చూసి కాదు.

పద్మాక్షి గుట్ట | 2 ఏప్రిల్, మధ్యాహ్నం 1:05

పేరా మార్చారు. మూడు రోజులు గుంజారు గానీ మార్చారు. డబ్బు నిన్న పడింది.

ఎవరికీ చెప్పకూడదన్న క్లాజు ఉంది కాబట్టి ఇక ఇక్కడ ఏమీ రాయను. అంకె రాసిన పోస్టు తీసేయగలరా మోడరేటర్ గారూ?

మోడరేటర్ | మధ్యాహ్నం 3:30

సంతకం పెట్టకముందు రాసింది కాబట్టి మాకేం ఇబ్బంది లేదు, అయినా మీరు అడిగారు కాబట్టి లాయర్ గారు సరేనంటే ఎడిట్ చేస్తాం.

అదాలత్ సెంటర్ | సాయంత్రం 6:10

ఎడిట్ చేయండి. కంపెనీ పేరు ఎక్కడా లేదు, అయినా చేయండి.

పెద్దపల్లి పోరడు | సాయంత్రం 6:45

అన్నా, నాకు ఆఫర్ లెటర్ కాదు, ఎల్‌ఓఐ (లెటర్ ఆఫ్ ఇంటెంట్, తీసుకోవాలనుకుంటున్నం అని చెప్పే లెటర్) అని ఇచ్చిండ్రు. జీతం రాసి ఉంది, తేదీ లేదు. సంతకం పెట్టి పంపి ఎనిమిది నెలలైంది. ఇది కూడా ఒప్పందం కిందికే వస్తదా?

అదాలత్ సెంటర్ | సాయంత్రం 7:02

అది వేరే కథ తమ్మీ. తేదీ లేకపోవడమే అందులో వాళ్ల తెలివి. కొత్త థ్రెడ్ పెట్టు, లెటర్‌లో ఉన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు దించు. భోజనం చేసి చూస్తాను.